అటక మీది పెట్రోమాక్స్ లైటును మళ్లీ వెలిగించడం ఎలా

ఉద్దానంలోనో, గజపతినగరం చుట్టుపక్కల పల్లెల్లోనో పాత పెంకుటిల్లు ఉన్నవాళ్లు ఒకసారి అటక ఎక్కి చూడండి. చిల్లులు పడ్డ చేటలు, ఇత్తడి గుండిగల పక్కన గోనెసంచిలో చుట్టిన పెట్రోమాక్స్ లైటు దొరికినా దొరుకుతుంది. పెళ్లి ఊరేగింపులో తల మీద పెట్టుకుని మోసినవి, తూర్పు భాగవతం ఆడే పందిట్లో రాటకు వేలాడదీసినవి, నూర్పుల కాలంలో కళ్లాల్లో తెల్లవార్లూ వెలిగినవి ఇవే. దొరికిన లైటును ఇప్పుడు కొందరు తళతళా తోమి షోకేసులో పెడుతున్నారు, కొందరు ఇత్తడి కింద తూకానికి వేసేస్తున్నారు. ట్యాంకు గట్టిగా ఉంటే ఈ రెండూ అక్కర్లేదు. వాషర్లు మార్చి, కాస్త ఓపిక పడితే ఇప్పటికీ వెలుగుతుంది.

పూర్వం ఊరికి ఒకరో ఇద్దరో లైటు వెలిగించడం తెలిసినవాళ్లు ఉండేవారు. పెళ్లింటి వాళ్లు వాళ్లను బతిమాలి తీసుకెళ్లేవారు. బ్రహ్మవిద్యేమీ కాదు గానీ, అందులో ఒక వరస ఉంది. ముందు వేడి, తర్వాత గాలి. ఈ వరస తెలిసినవాడికి లైటు లొంగుతుంది, తెలియనివాడికి కనుబొమ్మలు కాలతాయి.

లోపల ఏం జరుగుతుంది

లాంతరులో వెలుగునిచ్చేది మంట. పెట్రోమాక్స్‌లో మంట పని వేరు. అడుగున ట్యాంకులో కిరోసిన్, దాని మీద పంపుతో ఎక్కించిన గాలి ఉంటాయి. ఆ గాలి కిరోసిన్‌ను నిలువు గొట్టంలోకి తోస్తుంది. గొట్టం బాగా కాలి ఉంటే కిరోసిన్ అందులోనే ఆవిరై, నిపుల్‌కి ఉన్న సన్నటి బెజ్జంలోంచి బుస్సుమని వస్తుంది. దారిలో గాలిని కలుపుకుని, పింగాణీ నాజిల్ దాటి, దానికి కట్టిన మేంటిల్ అనే చిన్న వల సంచి లోపల నీలంగా మండుతుంది. ఆ మంటకే వదిలేస్తే వెలుగు అంతంతమాత్రం. ఆ వేడికి మేంటిల్ తెల్లగా కాగి ఇచ్చే వెలుగే మనం చూసేది.

లైటు ఒకసారి వెలిగాక గొట్టాన్ని మేంటిల్ వేడే కాస్తూ ఉంటుంది. మొదటి వేడి మాత్రం మనం బయటినుంచి ఇవ్వాలి. దానికే స్పిరిట్. గొట్టం కాలకుండా గాలి కొడితే కిరోసిన్ ఆవిరి కాకుండా ద్రవంగానే పైకి వచ్చి మేంటిల్‌ని తడిపేస్తుంది. నిప్పు తగిలిందా, పసుపుపచ్చటి మంట గ్లాసు దాటి టోపీ పైదాకా లేస్తుంది. పెట్రోమాక్స్ అంటే జనానికి ఉన్న భయంలో ముప్పాతిక వంతు ఈ ఒక్క తొందరపాటు వల్ల వచ్చిందే.

పెట్రోమాక్స్ అనేది బెర్లిన్‌లోని ఎరిక్ అండ్ గ్రెట్జ్ కంపెనీ పెట్టిన పేరు. తర్వాత ఎవరు చేసిన లైటునైనా మనవాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. మేంటిల్ అంతకంటే పాతది. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1885లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకు ఆయనే కుదిర్చిన పాళ్లు 99 వంతులు థోరియం ఆక్సైడు, ఒక వంతు సీరియం ఆక్సైడు. ఆ థోరియం మోనజైట్ అనే ఇసుక ఖనిజంలో దొరుకుతుంది. మన భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలోనూ మోనజైట్ ఉంది. ఆ ఇసుకలో ఆడుకుని పెరిగినవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

కొనేముందు చూసుకోవలసినవి

ముందు ట్యాంకు. ఇత్తడిదైతే అడుగు భాగం, అతుకుల దగ్గర పగుళ్లున్నాయేమో వెలుతురులో తిప్పి చూడండి. ఇనుప ట్యాంకైతే మూత తీసి లోపలికి టార్చి వేయండి. తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే ఆ లైటును షోకేసుకే వదిలేయండి. ఒత్తిడితో పనిచేసే పాత్ర విషయంలో మొహమాటం పనికిరాదు. పాత సోల్డరింగ్ మీద ఎవరో ఎంసీల్ పూసి ఉంటే దానికీ అదే తీర్పు.

ట్యాంకు బాగుంటే కొనవలసినవి ఇవి: మేంటిళ్లు నాలుగు, పంపుకి తోలు వాషరు, ట్యాంకు మూతకి రబ్బరు వాషరు, నిపుల్, దాని బెజ్జంలో మసిని నెట్టే పిన్ను, పగిలి ఉంటే గ్లాసు. నిపుల్, పిన్ను రెండూ ఒకే సైజు లైటువి కావాలి. 350 క్యాండిల్ పవర్ లైటువి 500 దానికి సరిపోవు. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కలో, మీ ఊరి పాత బజారులోనో పంపు స్టవ్వులు బాగుచేసిన పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి. ఆన్‌లైన్‌లోనూ సామాను దొరుకుతుంది గానీ, తోలు వాషరు చేత్తో పట్టుకుని చూసి కొంటేనే మేలు.

ఇక కిరోసిన్. రేషన్ షాపులో డబ్బా పట్టుకుని నిలబడి నీలం కిరోసిన్ తెచ్చుకున్న రోజులు పోయాయి. ఇప్పుడు వాడాల్సింది సబ్సిడీ లేని తెల్ల కిరోసిన్. దాని బదులు టర్పెంటైన్, థిన్నర్, డీజిల్ వద్దు. పెట్రోలు మాటే ఎత్తకండి. కిరోసిన్ ఆవిరికి నిప్పు అంటుకోవాలంటే 35 డిగ్రీలైనా వేడి ఉండాలని మన ప్రమాణం. పెట్రోలు ఆవిరికి సున్నాకి 40 డిగ్రీల కింద కూడా అంటుకుంటుంది. కిరోసిన్‌లో నాలుగు చుక్కల పెట్రోలు కలిపితే తొందరగా వెలుగుతుందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల చేతికి లైటు ఇవ్వకండి.

పంపు, లీకు పరీక్ష

పంపు పుల్ల మూత విప్పి బయటికి లాగితే చివర చిన్న గిన్నె ఆకారంలో తోలు వాషరు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అటక మీద ఉన్నది కాబట్టి ఎండి చెక్కైపోయి ఉంటుంది. చిట్లకపోతే పారేయక్కర్లేదు. కొబ్బరినూనెలో ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున్న బొటనవేలితో అంచును చుట్టూ బయటికి ఒత్తుతూ విప్పండి. ఆ అంచు పంపు గొట్టం గోడకి బిగువుగా ఆనితేనే గాలి లోపలికి పోతుంది. తిరిగి పెట్టేటప్పుడు అంచు లోపలికి మడత పడకుండా మెల్లగా తిప్పుతూ దించాలి.

ఇప్పుడు ఖాళీ ట్యాంకు మూత బిగించి, గాలి వదిలే స్క్రూ మూసి, ముప్పై నలభై సార్లు కొట్టండి. చేతికి ఏమాత్రం బిగువు తెలియకపోతే తోలు ఇంకా సరిపడలేదన్నమాట. బిగువుగా ఉండి, చెయ్యి వదలగానే పంపు పుల్ల దానంతటదే పైకి లేస్తుంటే తప్పు పంపు అడుగున ఉన్న వాల్వుది. గాలిని లోపలికి పంపి బయటికి రానివ్వకపోవడమే దాని పని. అందులోని చిన్న రబ్బరు బిళ్ల గట్టిపడి ఉంటుంది, అది మార్చాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ వాల్వు లీకైతే లైటు వెలుగుతున్నప్పుడు కిరోసిన్ పంపులోకి ఎక్కి, పుల్ల పక్కనుంచి బయటికి కారుతుంది.

ట్యాంకులో ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చాక సబ్బు నురగ తీసుకుని మూత చుట్టూ, స్క్రూ దగ్గర, గొట్టం ట్యాంకులోకి దిగే చోట, అతుకుల మీద పూయండి. బుడగ వచ్చిన చోటల్లా లీకే. వాషరు ఉన్నచోట వాషరు మార్చండి. అతుకులో బుడగ వస్తే మాత్రం ముందు చెప్పిన తీర్పే. పావుగంట అలా వదిలేసి ముల్లు ఉన్నచోటే ఉంటే ట్యాంకు పాసైనట్టు.

మేంటిల్ కట్టడం

చేత్తో చేసే పనుల్లో నైపుణ్యమంతా ఇక్కడే. మేంటిల్ ప్యాకెట్‌లోంచి తీసినప్పుడు మెత్తటి వల సంచిలా ఉంటుంది, మూతి దగ్గర దారం ఉంటుంది. లైటు టోపీ, లోపలి గొట్టం పైకి తీసి పింగాణీ నాజిల్‌ని బయటపెట్టండి. దాని మెడ దగ్గర గాడి ఉంటుంది. మేంటిల్ మూతి ఆ గాడిలో పడేలా తొడిగి, దారం లాగి రెండు ముళ్లు వేయండి. మిగిలిన దారం ముడి దగ్గరికంటా కత్తిరించాలి. వేలాడే కొస కాలి మేంటిల్‌కి తగిలితే అక్కడ చిల్లు పడుతుంది.

ఆ తర్వాత చూడవలసింది మడతలు. ముడి చుట్టూ మడతలు ఒకేవైపు పోగుపడకుండా వేలికొసలతో సమంగా సర్దండి. ఒక పక్క వదులుగా, ఒక పక్క బిగుతుగా ఉంటే వెలిగాక మేంటిల్ వంకరగా ఉబ్బి గొట్టానికి ఆనుకుంటుంది. మేంటిల్ కట్టినంతసేపూ చెయ్యి పొడిగా ఉండాలి.

మేంటిల్ ఒకసారి కాలాక దానిలో నూలు ఏమీ మిగలదు, మిగిలేది బూడిద వల మాత్రమే. పూతరేకు కంటే పెళుసు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవడం, ఊదడం కుదరదు. పాత మేంటిళ్లలో థోరియం ఉంటుంది కాబట్టి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది. వెలుగుతున్న లైటు పక్కన కూర్చుంటే భయపడాల్సిందేమీ లేదు గానీ, పగిలిన మేంటిల్ పొడి ముక్కులోకి, నోట్లోకి పోనివ్వకూడదు. తడిగుడ్డతో తుడిచి కవరులో కట్టి పారేసి, చేతులు కడుక్కోండి. కొత్త మేంటిల్ మొదటిసారి కాల్చడం ఎప్పుడూ ఆరుబయటే, పిల్లల్ని దూరంగా ఉంచి.

వెలిగించడం

ట్యాంకులో ముప్పాతిక వంతు కిరోసిన్ పోయండి. పైన గాలికి చోటు కావాలి, అంచుదాకా నింపితే పంపు కొట్టినా లాభం లేదు. గరాటులో పలచటి గుడ్డ వేసి వడకట్టి పోయాలి. నిపుల్ బెజ్జం వెంట్రుకంత, కిరోసిన్‌లో ఒక్క నలక చాలు దాన్ని మూసేయడానికి.

లైటును వాకిట్లో చదునైన నేల మీద పెట్టండి. పందిరి ఆకుల కిందా వద్దు, గడ్డివాము పక్కనా వద్దు. గాలి వదిలే స్క్రూ తెరిచి ఉంచండి. పిన్ను చక్రాన్ని మూసిన వైపు తిప్పి ఉంచండి. అంటే ట్యాంకులో ఒత్తిడి లేదు, కిరోసిన్ పైకి వచ్చే దారీ లేదు.

గొట్టం మొదట్లో ఉన్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటించండి. స్పిరిట్ మంట పగటి వెలుతురులో కనబడదు. మండుతోందో లేదో తెలియక మళ్లీ స్పిరిట్ పోసి చెయ్యి కాల్చుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, మొదట్లో సందెవేళ నేర్చుకోవడం మంచిది. గిన్నెడు స్పిరిట్ రెండు నిమిషాలు, అటూ ఇటూగా మండుతుంది. ఒక్క గిన్నెతో సరిపెట్టకండి. మొదటిది పూర్తిగా ఆరాక, గిన్నె చల్లబడనిచ్చి, మూతి సన్నగా ఉన్న డబ్బాతో రెండోది పోసి మళ్లీ అంటించండి. శీతాకాలంలో, తుఫాను గాలుల్లో మూడోది కూడా పడుతుంది. స్పిరిట్ దొరకని రోజుల్లో కిరోసిన్‌లో ముంచిన గుడ్డపీలిక గొట్టానికి చుట్టి కాల్చేవారు. పని జరుగుతుంది గానీ, మసి అంతా గ్లాసుకీ మేంటిల్‌కీ పడుతుంది. ఆ పద్ధతి నాకు నచ్చదు.

రెండో గిన్నె స్పిరిట్ ఇక ఆరిపోతుందనగా స్క్రూ మూసి, పంపు పదిహేను ఇరవైసార్లు కొట్టి, పిన్ను చక్రాన్ని తెరవండి. గొట్టం సరిగ్గా కాలి ఉంటే బుస్సుమనే చప్పుడుతో మేంటిల్ అంటుకుంటుంది. కొత్త మేంటిల్ ముందు నల్లబడి, ముడుచుకుని, తర్వాత లోపలి గాలికి గుండ్రంగా ఉబ్బి తెల్లగా అవుతుంది. అప్పుడు గేజీ ఎర్ర గీత దగ్గరికి వచ్చేదాకా నెమ్మదిగా గాలి ఎక్కించండి. మొదట్లోనే కసితీరా కొట్టేయడం వద్దు. గొట్టం ఇంకా పూర్తి వేడికి రాలేదు, ఒత్తిడి ఎక్కువైతే ద్రవం తోసుకొస్తుంది.

పసుపు మంట లేచిందా, కంగారుపడి ఊదకండి, నీళ్లు చల్లకండి. చక్రం మూసి, స్క్రూ విప్పి గాలి వదిలేయండి. కొంతసేపటికి మంట దానంతటదే ఆరుతుంది. లైటు చల్లారాక మళ్లీ స్పిరిట్ దగ్గరినుంచి మొదలుపెట్టండి.

వెలిగాక చూసుకోవడం

500 క్యాండిల్ పవర్ లైటుకు లీటరు కిరోసిన్ దాదాపు 8 గంటలు వస్తుంది. అంతసేపూ ఒత్తిడి మాత్రం నిలవదు. కిరోసిన్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, వెలుగు తెల్లదనం పోయి ఎర్రబడుతుంది. భాగవతం మంచి పట్టులో ఉండగా ఇది జరిగితే జనంలోంచి కేకలు లేచేవి: "ఏటి బాబూ, లైటు ఎర్రబడిపోతంది, గాలి కొట్టేవోడు నిద్దరోయాడేటి?" అతను రాట దగ్గరికి వెళ్లి లైటు కిందికి దించి, నాలుగు కొట్టి, మళ్లీ పైకి లాగేవాడు. ఎర్రబడ్డాక కొట్టడం కంటే గేజీ చూసుకుంటూ ముందే కొట్టడం మంచిది. కొట్టేటప్పుడు ఒక చేత్తో ట్యాంకును అదిమి పట్టండి. లైటు ఊగితే మేంటిల్ రాలిపోతుంది.

గాలి కొట్టినా వెలుగు పెరగకపోతే నిపుల్‌లో మసి చేరిందన్నమాట. పిన్ను చక్రాన్ని గబుక్కున ఒక పూర్తి చుట్టు తిప్పండి. పిన్ను పైకి లేచి మసిని నెట్టేసి కిందికి దిగుతుంది. వెలుగు ఒక్క క్షణం తగ్గి మళ్లీ వస్తుంది. మెల్లగా తిప్పితే ఆ సందులో లైటు ఆరిపోతుంది.

వెలుగు ఎగసి తగ్గి, ఎగసి తగ్గి గుండె కొట్టుకున్నట్టు ఉంటే సాధారణంగా గొట్టం లోపల మసి గట్టిపడి ఉంటుంది, లేదా నిపుల్ సరిగ్గా బిగిసి ఉండదు. లైటు ఆర్పి, చల్లారాక నిపుల్ బిగించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే గొట్టం మార్చడమే. మధ్యమధ్య చిటపటలాడి ఆరిపోతుంటే కిరోసిన్‌లో నీళ్లున్నాయి. ట్యాంకు మొత్తం ఒంపేసి ఆరబెట్టండి.

మేంటిల్‌కి చిల్లు పడితే మాత్రం ఆ పూటకి గడిపేద్దామనుకోవద్దు. చిల్లులోంచి మంట సూదిలా వచ్చి గ్లాసుకు ఒకేచోట తగులుతుంది, కాసేపట్లో గ్లాసు ఠప్పుమంటుంది.

ఆర్పడానికి గాలి వదిలే స్క్రూ విప్పితే చాలు. ఒత్తిడి పోయి వెలుగు మెల్లగా తగ్గిపోతుంది. వేడిగా ఉన్న లైటులో కిరోసిన్ పోయడం, వెలుగుతుండగా మూత కదపడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. తలుపులు మూసిన గదిలో కూడా దీన్ని వెలిగించకూడదు. గదిలో ప్రాణవాయువును తినేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. ఆ వాయువుకు వాసన లేదు.

తుఫాను రోజుకి ఏ దీపం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన జిల్లాలను ఊపేశాక పాత దీపాల మీద మళ్లీ ధ్యాస మళ్లింది. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు కూలి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోన్ టార్చి ఒక రాత్రికి సరి, రెండో రాత్రికి చార్జింగే టెన్షన్.

అయినా ఇంట్లోకి పెట్రోమాక్స్ వద్దనే అంటాను. నలుగురికి వంట వండే చోట, కూలిన చెట్టు నరికే చోట, ఆరుబయట అది రాజు. ఇంట్లో కిటికీ ఓరగా తెరిచి పెట్టుకోవడానికి మామూలు హరికేన్ లాంతరే నయం. పంపు లేదు, మేంటిల్ లేదు, స్పిరిట్ లేదు. పక్క గొట్టాల్లోంచి గాలి కిందికి దిగి మంటకు అందే ఆ ఏర్పాటు 1870ల్లో అమెరికాలో వచ్చింది. ఈదురుగాలికి మంట తట్టుకునేది అందుకే.

లాంతరుకి తెలియాల్సింది వత్తి సంగతి. కొత్త వత్తిని కిరోసిన్‌లో పావుగంటైనా నాననిచ్చి వెలిగించండి. లేకపోతే వత్తే కాలిపోతుంది. కాలిన కొసను కత్తెరతో తిన్నగా కత్తిరించి, రెండు మూలలు మాత్రం కొద్దిగా చెక్కండి. మూలలు వదిలేస్తే మంటకి కొమ్ములొచ్చి చిమ్నీకి ఒక పక్క మసి పడుతుంది. వెలిగించాక వత్తిని తక్కువలో ఉంచి, చిమ్నీ వేడెక్కాక పెంచండి. చిమ్నీ తుడవడానికి పాత పేపరు, కాస్త జల్లెడ పట్టిన బూడిద చాలు. వేడి మీద తడిగుడ్డ తగిలితే పగులుతుంది.

తుఫాను కాలం దాటాక ఏ దీపంలోనూ కిరోసిన్ ఉంచేయకండి. నిలవున్న కిరోసిన్ జిగురై గొట్టాన్ని, వత్తిని పట్టేస్తుంది. పెట్రోమాక్స్ ట్యాంకు ఒంపి, మూత తీసి ఒక రోజు ఎండలో పెట్టి, మూత వదులుగా బిగించండి. తోలు వాషరుకి రెండు చుక్కల కొబ్బరినూనె వేయండి. మేంటిల్ మీద ఆశ వదులుకోండి, అటక ఎక్కేలోపే రాలిపోతుంది. కొత్త మేంటిళ్లు రెండు, పిన్ను, నిపుల్, మూత వాషరు ఒక అగ్గిపెట్టెలో పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి లైటు పిడికే కట్టేయండి. కరెంటు పోయిన రాత్రి వాటికోసం ఇల్లంతా వెతుక్కోనక్కర్లేదు.